"పాలు పొంగుతాయి, ఉండండి"

ఈ వారం ఉత్తరం న్యూజెర్సీ నుంచి వచ్చింది. రాసినవారు గుంటూరు గృహిణి, వయసు 57. భర్తకు 65. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అమ్మాయి రెండో పురుటి కోసం ఇద్దరూ సెప్టెంబరులో వెళ్లారు, ఫిబ్రవరి నెలాఖరుకు తిరిగి రావాలి. ఆమె ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇది:

"మావారికి చిన్నప్పటినుంచి క్రికెట్ పిచ్చి. ఇప్పుడు ఒక్క మాటైనా అడగకుండా ఫిబ్రవరి మొదటి వారానికి కరేబియన్ దీవులకు క్రూజ్ టికెట్లు కొన్నారు. క్రికెట్ థీమ్ అట. ఓడ మీద పాత ఆటగాళ్లు వచ్చి మాట్లాడతారట, దీవుల్లో స్టేడియంలు చూపిస్తారట. ప్యూర్టోరికోలోని శాన్ హువాన్‌లో ఎక్కితే ఏడు రాత్రుల తరవాత మళ్లీ అక్కడే దింపుతారు. జనవరిలో అమ్మాయి ఆఫీసుకు వెళ్లాలి. 'నువ్వు వెళితే పాపను ఎవరు చూస్తారమ్మా? సముద్రంలో తుఫాను వస్తే ఏం చేస్తారు? నాన్నకేం, ఎన్నయినా చెబుతారు' అంటోంది. నాన్నతో మాట్లాడటం మానేసింది. అల్లుడు ఏమీ అనడు. మొన్న తెల్లవారుజామున మనవడికి పాలు కాస్తుంటే మావారు తన పాత నోటుపుస్తకం, ఒక మ్యాపు తెచ్చి బల్ల మీద పరిచి ఏదో చూపించబోయారు. 'పాలు పొంగుతాయి, ఉండండి' అన్నాను. పుస్తకం మూసుకుని వెళ్లిపోయారు. అప్పటినుంచి ముభావంగా ఉన్నారు. చివరి వాయిదా ఈ నెల ఇరవైలోగా కట్టాలి. ఆయన నొచ్చుకోకుండా ఈ ప్రయాణం ఎలా మాన్పించాలి? ఒకవేళ తప్పదంటే, ఆ ఓడలో సాయంత్రాలు గౌన్లు వేసుకోవాలంటున్నారు. శాకాహారం దొరుకుతుందా?"

అమ్మా, మీ చివరి ప్రశ్నలకు ముందు జవాబు చెప్పేస్తాను, అవి తేలిక. గౌను అక్కర్లేదు. వారంలో ఒకటి రెండు రాత్రులు భోజనానికి కాస్త ముస్తాబై రమ్మంటారు, అంతే. పట్టుచీర కట్టుకుని వెళ్లండి. శాకాహారులమని ముందుగానే రాసి పెడితే వండి పెడతారు. పెద్ద ఓడల్లో పనిచేసేవాళ్లలో మన దేశం వాళ్లు చాలామందే ఉంటారు, పప్పన్నం అంటే అర్థం కాని పరిస్థితి ఉండదు. తుఫాన్ల కాలం అక్కడ జూన్ నుంచి నవంబరు వరకు. ఫిబ్రవరి పొడి నెల. మీ అమ్మాయికి ఆ సంగతి చెప్పండి.

ఇక ఆయన నొచ్చుకోకుండా ఎలా మాన్పించాలన్న ప్రశ్న. దానికి నా దగ్గర సలహా లేదు, ఉన్నా ఇవ్వను. ఆయన ఇప్పటికే నొచ్చుకున్నారు. వంటగదిలో, పాలగిన్నె పక్కన.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆరు పేజీల్లో 'క్రికెట్ పిచ్చి' అన్న మాట నాలుగుచోట్ల ఉంది. ఆయన ఆ పుస్తకంలో ఏం చూపించబోయారో మాత్రం ఎక్కడా లేదు. మీరు చూడలేదు కాబట్టి రాయలేదు. మా అన్నయ్యలు ముగ్గురూ మీవారి ఈడువాళ్లే, ముగ్గురికీ ఇదే వ్యసనం. అందుకే ఆ పుస్తకంలో ఏముంటుందో నేను కొంత ఊహించగలను.

1971లో మీవారికి పదకొండేళ్లు. ఆ ఏడాది అజిత్ వాడేకర్ నాయకత్వంలో మన జట్టు వెస్టిండీస్ వెళ్లి, వాళ్ల మీద మన మొట్టమొదటి టెస్టు విజయం ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సాధించింది. కొత్త కుర్రాడు గవాస్కర్ నాలుగు టెస్టుల్లో 774 పరుగులు చేశాడు. మన హైదరాబాదువాళ్లు జయసింహ, ఆబిద్ అలీ, వికెట్ కీపర్ కృష్ణమూర్తి ఆ జట్టులోనే ఉన్నారు. అక్కడ ఉదయం ఆట మొదలైతే మనకు రాత్రి ఏడున్నర, ఎనిమిది. ముగిసేసరికి అర్ధరాత్రి దాటేది. పూర్తి స్కోరు ఊళ్లకొచ్చే పత్రికలో ఒక రోజు ఆలస్యంగా కనిపించేది. మా పెద్దన్నయ్య లైబ్రరీలో నిలబడి దాన్ని పెన్సిలుతో నోటుపుస్తకంలోకి ఎక్కించుకునేవాడు. చినిగిన అట్టకు గోధుమరంగు కాగితం వేసి, లోపల గళ్లు గీసి, ఒక్కొక్క పేరుకు ఎదురుగా అంకెలు. 1976లో ఆ పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోనే మనవాళ్లు 403 పరుగుల లక్ష్యాన్ని ఛేదించిన రోజున, ఆ పేజీ చుట్టూ ఎర్రసిరాతో గీత గీసుకున్నాడు. ఆ వయసు పిల్లలకు బార్బడోస్, జమైకా దీవులు పాఠాల్లో తగలలేదు. ఆ పుస్తకాల్లో వాళ్లు స్వయంగా రాసుకున్న పేర్లవి.

ఇంకో సంగతి మీరే రాశారు, మధ్యలో, దాటేస్తూ. "అమ్మాయికి అయిదేళ్లప్పుడు ఒకసారి ఇండియా ఏదో మ్యాచ్ ఓడిపోతే అన్నం కూడా తినలేదు" అన్నారు. లెక్క వేస్తే అది 1997 అవుతుంది. బార్బడోస్‌లోని బ్రిడ్జ్‌టౌన్‌లో జరిగిన టెస్టు కావచ్చు. గెలవడానికి 120 పరుగులు చాలు, మనవాళ్లు 81కే కుప్పకూలారు. లక్ష్మణ్ ఒక్కడే రెండంకెల స్కోరు చేశాడు. ఆ టెస్టు జరిగిన కెన్సింగ్టన్ ఓవల్ మైదానంలోనే 2024 జూన్ 29న ఏడు పరుగుల తేడాతో మనవాళ్లు టీ20 ప్రపంచకప్పు గెలిచారు. ఆ రాత్రి మీ ఇంట్లో ఎవరు మేలుకుని ఉన్నారు? ఆయన ఒక్కరే అయి ఉంటారు. ఇప్పుడు ఆ మైదానాన్ని చూడాలనుకుంటున్నారు. ఓడ రేవులో ఆగితే అది దగ్గరే. పక్కన మీరు ఉండాలనుకున్నారు. స్నేహితులతో వెళ్లగలిగేవారే, అయినా మీకూ కలిపి రెండు టికెట్లు కొన్నారు. 35 ఏళ్ల కాపురంలో మీరిద్దరే కలిసి వెళ్లింది పెళ్లయిన కొత్తలో తిరుపతికి ఒక్కసారేనని కూడా మీరే రాశారు.

ఇంతవరకు చెప్పింది మీవారి గురించి. కానీ నన్ను కలవరపెట్టింది మీవారితో మీ సంబంధం కాదు, మీ అమ్మాయితో మీ సంబంధం.

"పాపను ఎవరు చూస్తారమ్మా?" అన్న మాట విని మీకు కోపం రాలేదు, బాధ కలగలేదు. మీరు దాన్ని నాకు రాసిన తీరులో కాస్త గర్వం ఉంది. నేనూ అమ్మమ్మనే, ఆ గర్వం నాకు తెలుసు. పిల్ల ఏడిస్తే కన్నతల్లి కంటే ముందు మన చేయి తడుముకుంటుంది, ఆ సుఖం మరెక్కడా దొరకదు. మొదటి పురుటికి ఆరు నెలలు ఉన్నారు, ఇప్పుడూ ఆరు నెలలకు వచ్చారు. మధ్యలో మీ అమ్మాయి రోజూ ఫోనులో "అమ్మా, రసంలో ఏం వేయాలి, బాబుకు జ్వరం, ఏం చేయాలి" అని అడిగితే, మీరు భోజనం మధ్యలో లేచి వెళ్లి జవాబు చెప్పారు. మీవారి కంచం ముందు ఎవరూ లేరు. ఇదంతా ప్రేమే, కాదనను. కానీ ఈ ప్రేమలో మీరు మీ అమ్మాయికి ఒక అలవాటు చేశారు. అమ్మ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, నాన్న కోరిక ఎప్పుడైనా ఆగవచ్చు అన్న అలవాటు. "నాన్నకేం, ఎన్నయినా చెబుతారు" అన్న మాట ఆ పిల్ల సొంతంగా నేర్చుకున్నది కాదమ్మా. మీ నోట వినీ వినీ నేర్చుకుంది.

పురుడు పోయడం పుట్టింటి బాధ్యత. మీరు దాన్ని చక్కగా నెరవేర్చారు, బాలింత పథ్యం దగ్గరనుంచి పాప నీళ్లవరకు. బాధ్యతకు ఒక హద్దు ఉంటుంది. దాన్ని దాటితే అది చాకిరీ అవుతుంది. చాకిరీ చేసే మనిషి మీద గౌరవం ఇంట్లో ఎలా తగ్గుతుందో మీరు చూస్తూనే ఉన్నారు. తండ్రితో మాట్లాడటం మానేసే హక్కు మీ అమ్మాయికి ఎక్కడిది? ఆయన తన పెన్షను డబ్బుతో, తన భార్యను తీసుకుని, వారం రోజులు వెళ్లొస్తానన్నారు. దానికి ముప్పైమూడేళ్ల కూతురు మూతి ముడుచుకుంటే, "తప్పమ్మా, నాన్నతో అలా ఉండకూడదు" అని మీరు ఎందుకు అనలేదు? ఈ ఉత్తరంలో నేను వెతికి వెతికి దొరక్క వదిలేసిన వాక్యం అదే.

అల్లుడు ఏమీ అనడు అన్నారు. అడిగితేగా అనడానికి! ఆయన్ని మీరు ఇంకా పండక్కి వచ్చిన కొత్తల్లుడిలాగే చూస్తున్నారు. ఆయన ఆ పాపకు తండ్రి. న్యూజెర్సీలో అర్హత ఉన్న ఉద్యోగికి, తండ్రికైనా సరే, బిడ్డ పుట్టిన ఏడాదిలోపు 12 వారాల వరకు కొంత వేతనంతో కుటుంబ సెలవు ఇచ్చే చట్టం ఉంది. మీరు లేనిది ఒక్క వారం. సెలవో, డేకేరో, ఆ ఏర్పాటు వాళ్లిద్దరూ చేసుకోవాలి. మీరు అల్లుడిని అడగవద్దు, అత్తగారు అడిగితే ఆయనకు ఇబ్బంది. మీ అమ్మాయిని అడగమనండి. బయల్దేరడానికి ఇంకా వారాలున్నాయి. ఇప్పటినుంచే రోజుకో పూట పాపను తండ్రి చేతికిచ్చి మీరు గదిలోకి వెళ్లిపోండి. పాప ఏడుస్తుంది. వెంటనే బయటికి రావద్దు. ఇది మీకు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. నిజం చెప్పాలంటే మీ భయం పాపను ఎవరూ చూడరని కాదు. మీరు లేకపోయినా ఆ ఇల్లు నడుస్తుందేమోనని.

మీవారు చేసిన తప్పు కూడా చెప్పాలి. అడగకుండా టికెట్లు కొనడం తప్పు. ఆశ్చర్యపరచాలనుకున్నారో, అడిగితే వద్దంటారని భయపడ్డారో, రెండోదే అయి ఉంటుందని నా అనుమానం. ఏదైనా సరే, భార్యను వెంట తీసుకెళ్లాలనుకున్నప్పుడు ఆమె మనసు తెలుసుకోవాలి. ఈ మాట ఆయనతో సూటిగా అనండి. అమ్మాయి ముందు కాదు, ఇద్దరే ఉన్నప్పుడు. అన్న తరవాత "సరే, వెళ్దాం" అని కూడా అనండి.

వెళ్లే ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మీ పాస్‌పోర్టులు, అమెరికా వీసా మళ్లీ మళ్లీ ప్రవేశించడానికి వీలున్నదా, ఓడ ఆగే ప్రతి దీవికీ భారత పాస్‌పోర్టు మీద ఏం నియమాలున్నాయి అన్నది చివరి వాయిదా కట్టేలోపే ఓడ కంపెనీ దగ్గర అడిగి తేల్చుకోండి. కాగితం ఒక్కటి తక్కువైనా రేవులో వెనక్కి పంపేస్తారు. ఓడ మీద డాక్టరు ఉంటాడు కానీ ఖర్చు ఎక్కువ, ఇద్దరికీ ప్రయాణ బీమా తీసుకోండి. మీ బీపీ మాత్రలు పెద్ద పెట్టెలో పెట్టవద్దు, రేవులో ఇచ్చిన పెట్టె గదికి చేరడానికి గంటలు పడుతుంది, చేతిసంచిలో ఉంచుకోండి. దీవిలో దిగినప్పుడు చెప్పిన వేళకు ముందే తిరిగి ఎక్కాలి, ఓడ ఎవరికోసమూ ఆగదు. లోపల ఏసీ ఎక్కువ, స్వెట్టరు తీసుకెళ్లండి. రోజుకు ఒక్కసారి మాత్రమే ఇంటికి ఫోను చేయండి, అది కూడా ఆయన పక్కన కూర్చుని.

ఇవన్నీ తరవాత. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక వంటగది సర్దేసి, మీరే ఆయన గదికి వెళ్లి ఆ నోటుపుస్తకం తీసుకురమ్మనండి. పొయ్యి మీద ఏమీ ఉండకుండా చూసుకోండి. 1997 పేజీ ఉందేమో అడగండి. ఉంటే, ఆ రాత్రి అన్నం ఎందుకు తినలేదో ఆయన్నే చెప్పనివ్వండి. ఏం చెప్పారో నాకు మళ్లీ రాయండి.