మిషిగన్ సరస్సు మీద సాల్మన్ వేటకు బయల్దేరే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పడవ కొన్నావనీ, ఈ వేసవి నుంచి మిల్వాకీ రేవులోంచి సాల్మన్‌కి వెళ్తావనీ రాశావు. సంతోషం. ఏ రంగు స్పూన్లు (చేపలా మెరిసే రేకు ఎరలు) కొనాలని అడిగావు గానీ, రంగు అన్నిటికన్నా చివరి సంగతి. ముందు చేప ఏ నీళ్ళలో ఉందో తెలియాలి. ఎర ఆ లోతుకి చేరాలి. చేరాక అక్కడ సరైన వేగంతో కదలాలి. ఈ మూడూ కుదిరితే గీతలు పడ్డ పాత స్పూన్‌కైనా చేప పడుతుంది. కుదరకపోతే పెట్టె నిండా ఎరలున్నా రోజంతా నీళ్ళు చిలికి రావడమే.

ఆ సరస్సులో నీకు తగిలేవి ముఖ్యంగా ఐదు రకాలు: చినూక్, కోహో, స్టీల్‌హెడ్, బ్రౌన్ ట్రౌట్, లేక్ ట్రౌట్. వీటిలో లేక్ ట్రౌట్ ఒక్కటే అక్కడి సొంత చేప. మితిమీరిన వేట ఒకవైపు, ఒంటికి కరుచుకుని రక్తం పీల్చే లాంప్రే ఒకవైపు దాన్ని తుడిచిపెట్టేశాయి. తినే పెద్ద చేప లేకపోయేసరికి అలెవైఫ్ అనే చిన్న చేప విపరీతంగా పెరిగి, చచ్చి, గుట్టలుగా ఒడ్డుకి కొట్టుకొచ్చేది. దాన్ని తినిపించడానికే మిషిగన్ రాష్ట్రం 1966లో కోహో పిల్లల్ని, 1967లో చినూక్ పిల్లల్ని నదుల్లో వదిలింది. ఈ చరిత్ర నీకెందుకంటే, చినూక్ ఇప్పటికీ దాదాపు అలెవైఫ్ మీదే బతుకుతుంది. పక్కనున్న హ్యూరాన్ సరస్సులో 2003-04 ప్రాంతంలో అలెవైఫ్ పడిపోగానే చినూక్ కూడా కుప్పకూలింది. నీళ్ళలో ఉన్నవాటిని తెర మీద గీతలుగా చూపే సోనార్‌లో పెద్ద చేపల గీతల కన్నా ముందు అలెవైఫ్ గుంపుల్ని వెతుకు. గుంపు కనపడని చోట చినూక్ కోసం గంటలు పాడుచేసుకోకు. లేక్ ట్రౌట్ సంగతి వేరు. అది అడుగున ఉండే గోబీ అనే చిన్న చేపల్ని కూడా తింటుంది కనుక నేలకి దగ్గరగా ఎప్పుడైనా దొరుకుతుంది.

ఇక నీటి వేడి. జూలై, ఆగస్టుల్లో పైనీళ్ళు 65-70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటాయి. కిందికి పోగా పోగా ఒక చోట కొద్ది అడుగుల తేడాలోనే వేడి ఒక్కసారిగా పడిపోతుంది. థర్మోక్లైన్ అంటారే, అది అదే. చినూక్ సుమారు 44 నుంచి 54 డిగ్రీల నీళ్ళలో మేస్తుంది. కోహోకి 50-55, స్టీల్‌హెడ్‌కి 55-60 నచ్చుతాయి. బ్రౌన్ ట్రౌట్ 60 దాటినా ఓర్చుకుంటుంది. లేక్ ట్రౌట్‌కి 50 లోపు ఉంటేనే హాయి. అందుకే ఆగస్టులో పడవకుండే పైనీటి థర్మామీటరు అంకె నీకు దాదాపు పనికిరాదు. డౌన్‌రిగ్గర్ (తీగ మీద దింపే గుండుకి దారాన్ని క్లిప్‌తో తగిలించి ఎరని లోతుకి చేర్చే సాధనం) గుండు దగ్గర వేడినీ వేగాన్నీ చూపే ప్రోబ్ ఒకటి కొనుక్కో. స్పూన్ల మీద పెట్టే డబ్బు దాని మీద పెట్టు. అది వచ్చేలోగా సోనార్ గెయిన్ (సున్నితత్వం) పెంచి చూడు, థర్మోక్లైన్ సన్నటి మసక పట్టీలా కనపడుతుంది. చేపలు చాలావరకు ఆ పట్టీకి కాస్త అటూ ఇటూ ఉంటాయి.

ఆ పట్టీ ఒక చోట నిలవదు. దాన్ని నడిపేది గాలి. మొదటి ఏడాది చాలామంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు. భూమి తిరుగుడు వల్ల అక్కడ పైనీరు గాలి వీచే దిక్కుకి కుడివైపుకి జరుగుతుంది. మీ పడమటి ఒడ్డున దక్షిణపు గాలి ఒకటి రెండు రోజులు గట్టిగా వీచిందంటే పైనున్న వెచ్చటి నీరు తూర్పుగా సరస్సు లోపలికి పోతుంది, ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లటి నీరు ఒడ్డు దగ్గరే పైకి వస్తుంది. నిన్న 68 ఉన్న చోట ఇవాళ 50 చూస్తావు. అప్పుడు చినూక్ 40-60 అడుగుల నీటిలోకే రావచ్చు. అదే ఉత్తరం నుంచో ఈశాన్యం నుంచో వీస్తే వెచ్చటి నీరంతా ఒడ్డున పేరుకుని చల్లటి పొర వంద అడుగులు దాటి దిగిపోతుంది, నువ్వు ఇంకా లోపలికి పోవాలి. అవతలి ఒడ్డున లడింగ్టన్, మస్కీగన్ వైపు ఇదంతా తలకిందులు, అక్కడ చల్లటి నీటిని తెచ్చేది ఉత్తరపు గాలి. బయల్దేరే ముందు ఇవాళ్టి గాలి ఒక్కటే చూస్తే చాలదు, వెనకటి మూడు రోజుల గాలి రాసిపెట్టుకుని చూడు.

ఏప్రిల్, మే నెలల్లో లెక్క మారిపోతుంది. సరస్సంతా మంచునీరే కనుక అప్పుడు కరువు వెచ్చటి నీటికి. నదుల మొగలు, రేవు గోడల పక్కలు, మురికిగా ఉండే తీరపు నీళ్ళు రెండు డిగ్రీలు ఎక్కువున్నా చాలు, చేప అక్కడే. కోహో మొదట దక్షిణాన మిషిగన్ సిటీ, వాకీగన్ వైపు కనపడి, నీరు వేడెక్కేకొద్దీ ఉత్తరంగా మీ వైపు వస్తుంది. దానికి పైన పది ఇరవై అడుగుల్లో వెతుకు. చిన్న ఎర్ర డాడ్జర్ (నీళ్ళలో ఊగుతూ చేపని ఆకర్షించే రేకు), దాని వెనక 14-18 అంగుళాల దారంతో పోగులతో కట్టిన చిన్న ఫ్లై ఎర, ఇంతే సరంజామా. పైపైన తిరిగే చేప పడవ నీడకి బెదిరి పక్కకి తప్పుకుంటుంది కనుక ఎరల్ని నీటి మీద తేలే ప్లానర్ బోర్డులతో పడవకి దూరంగా పక్కలకి పంపాలి.

వేసవి వేటకి నాలుగు రాడ్లతో మొదలుపెట్టు. విస్కాన్సిన్‌లో (మీ రాష్ట్రంలో) మనిషికి మూడు గాలాల దాకా వేయొచ్చు గానీ, చేతులు అలవాటు పడకముందే ముగ్గురు కలిసి తొమ్మిది వేస్తే మొదటి మలుపులోనే అన్నీ చిక్కుపడతాయి. రెండు డౌన్‌రిగ్గర్లకి, రెండు డైవర్లకి, అంటే లాగుతుంటే లోతుకి దిగే పలకలకి. డౌన్‌రిగ్గర్ రాడ్లు ఎనిమిదిన్నర అడుగులవి, 20 పౌండ్ల బరువుకి ఆగే ఒంటిపోగు మోనో దారం. డైవర్ రాడ్లు తొమ్మిది, పది అడుగులవి, అల్లిక దారం. ఆ అల్లిక దారం సాగదు, డైవర్ నీటిని గట్టిగా లాగుతుంది. పెద్ద చినూక్ ఒక్కసారిగా కొడితే ముడి దగ్గర తెగిపోతుంది. మధ్యలో కుదుపుని మింగే ఒక రబ్బరు స్నబ్బర్ పెట్టి, డ్రాగ్‌ని (రీలులోంచి దారం జారే బిగువుని) డైవర్ లాగుడికి దారం జారకుండా ఆగేంత వరకే బిగించు. ఎర దగ్గర ఆరడుగుల ఫ్లూరోకార్బన్ దారం (లీడరు), 20-25 పౌండ్లది చాలు. రీళ్ళన్నిటికీ వదిలిన దారం పొడుగు చూపే లైన్ కౌంటర్ ఉండాలి. చేప పడ్డాక అదే కొలతకి మళ్ళీ దింపలేకపోతే ఆ చేప నీకేమీ నేర్పినట్టు కాదు.

కౌంటర్ అంకెని లోతు అనుకోకు. డౌన్‌రిగ్గర్ గుండు పది పన్నెండు పౌండ్లున్నా, లోతు పెరిగేకొద్దీ తీగ వెనక్కి వాలి, కౌంటర్ చెప్పిన దానికన్నా గుండు పైనే ఉంటుంది. తీగ ఎంత వాలితే అంత తేడా. సోనార్‌లో గుండు గీత కనపడితే దాన్నే నమ్ము. లెడ్‌కోర్ దారమైతే (లోపల సీసం ఉండి, ముక్క ముక్కకీ రంగు మారేది) ఒక్కో రంగు పది గజాలు, గంటకి రెండు మైళ్ళ ప్రాంతంలో రంగుకి అయిదడుగుల చొప్పున దిగుతుంది. పది రంగులు వదిలితే యాభై అడుగులనుకో. వేగం పెంచితే పైకి తేలుతుంది. గుండు నుంచి ఎరకి దూరం లోతులో పది నుంచి ముప్పై అడుగులు చాలు. పైనీళ్ళలో, నీరు తేటగా ఉన్నప్పుడు యాభై నుంచి వంద దాకా వదులు. మసెల్స్ అనే ఆలుచిప్పలు పెరిగాక ఆ సరస్సు నీరు బాగా తేటపడింది, చేప దూరం నుంచే చూసి అనుమానిస్తుంది.

వేగం గుండు దగ్గర గంటకి 2 నుంచి 2.6 మైళ్ళు. లేక్ ట్రౌట్‌కి రెండు లోపు. ఇక్కడ జీపీఎస్ మోసం చేస్తుంది. అది చెప్పేది నేల మీద పడవ వేగం. కింద నీరు వేరే దిక్కుకి పారుతుంటే, ఉత్తరంగా పోతున్నప్పుడు 2.3 ఉన్న పడవ కింద ఎర 1.6తో ఈడ్చుకొస్తుంది, వెనక్కి తిరిగితే అదే ఎర 3తో పరుగెత్తుతుంది. ఒక దిక్కుకి పోతున్నప్పుడే చేపలు పడి, తిరిగి వస్తున్నప్పుడు ఆగిపోతే కారణం చాలావరకు ఇదే. ప్రోబ్ లేకపోతే తీగ వాలు చూడు, రెండు దిక్కులకీ ఒకే వాలు వచ్చేట్టు ఇంజన్ సర్దు. మెలికలు తిరుగుతూ నడిపినా తెలుస్తుంది. మలుపులో లోపలి వైపు ఎరలు నెమ్మదించి దిగుతాయి, బయటివి వేగం అందుకుని లేస్తాయి. బయటి వైపుకే చేప కొడుతుంటే పడవ వేగం కాస్త పెంచు, లోపలి వైపుకి కొడుతుంటే తగ్గించు. డాడ్జర్ అటూ ఇటూ ఊగాలి, అలాంటి రేకే అయిన ఫ్లాషర్ గుండ్రంగా తిరగాలి. దింపే ముందు ప్రతిదాన్నీ పడవ పక్కన నీళ్ళలో ఈడ్చి కళ్ళారా చూడు. డాడ్జర్ గిర్రున తిరిగిపోతోందంటే నీ వేగం దానికి ఎక్కువ.

రంగు గురించి నాలుగు ముక్కలు. తెల్లవారకముందు మెరిసే గ్లో స్పూన్లు, ఎండెక్కాక వెండి మీద నీలం, ఆకుపచ్చ. నీళ్ళలో ఎరుపు అన్నిటికన్నా ముందు మాయమవుతుంది, అందుకే అది పైపైన తిరిగే కోహోకే. వెలుగు రాకముందే గాలాలు నీళ్ళలో ఉండేట్టు బయల్దేరు. చినూక్‌కి ఆ మొదటి గంట పోతే మళ్ళీ సాయంత్రమే.

డౌన్‌రిగ్గర్ రాడ్ ఎప్పుడూ విల్లులా వంగి ఉంటుంది. చేప కొట్టగానే కొన గబగబా అదురుతుంది, క్లిప్ ఊడి రాడ్ ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది, ఆ తర్వాత మళ్ళీ కిందికి లాగుతుంది. కొత్తవాళ్ళు ఆ నిటారు క్షణంలో చేప పోయిందనుకుని ఆగిపోతారు. ఆగకు. రాడ్ తీసి, దారం బిగిసేదాకా వేగంగా చుట్టు. అది పరుగు తీస్తే మాత్రం చుట్టడం ఆపి, కొన పైకెత్తి పట్టి డ్రాగ్‌ని పనిచేయనివ్వు. బొటనవేలితో స్పూల్‌ని నొక్కితే పెద్ద చేప తెంచుకుపోతుంది. పడవని పూర్తిగా ఆపకు, ఆపితే దారం వదులై కొక్కెం జారుతుంది, మిగతా గాలాలన్నీ కలిసిపోతాయి. వల పట్టినవాడు చేప వెంటపడి పొడవకూడదు. వలని నీళ్ళలో ఉంచి, చేప తల అటు తిరిగినప్పుడు దాని మీదికి నడిపించాలి. తోక వైపు నుంచి వేస్తే ఒక్క విదిలింపుతో పోతుంది.

పట్టింది ఏ రకమో అక్కడే తేల్చుకో, రోజువారీ పరిమితులు రకాన్ని బట్టి మారతాయి. నోరు తెరిచి చూడు: లోపల, చిగుళ్ళు కూడా నల్లగా ఉంటే చినూక్. నోరు నల్లగా ఉండి పళ్ళ మొదట్లో చిగురు తెల్లగా ఉంటే కోహో. నోరంతా తెల్లగా ఉండి తోక నిండా వరసల్లో చుక్కలుంటే స్టీల్‌హెడ్. నల్లటి ఒంటి మీద లేత చుక్కలు, లోతుగా చీలిన తోక ఉంటే లేక్ ట్రౌట్. బ్రౌన్‌కి తోక అంచు తిన్నగా ఉంటుంది. తోకకి ముందు వీపు మీదుండే చిన్న కండరెక్క కత్తిరించి ఉంటే అది పెంపకకేంద్రం వాళ్ళ గుర్తు, చాలాసార్లు ముక్కులో సన్నటి లోహపు ట్యాగ్ ఉంటుంది. తల పారేయకుండా రాష్ట్ర మత్స్యశాఖ పెట్టిన చోట ఇవ్వు. లైసెన్స్‌తో పాటు గ్రేట్ లేక్స్ ట్రౌట్, సాల్మన్ స్టాంపు కూడా విడిగా తీసుకోవాలి. ఇల్లినాయ్ నీళ్ళలోకి దాటితే అక్కడి కాగితాలు వేరు.

గాలి విషయంలో ఒక్క మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకు. పడమటి గాలి వీచే రోజు మీ రేవు దగ్గర నీరు అద్దంలా ఉంటుంది, ఎందుకంటే ఒడ్డు అడ్డం ఉంది. ఎనిమిది మైళ్ళు లోపలికి పోయేసరికి అలలు పెరుగుతాయి, తిరుగు ప్రయాణం ఆ అలలకి ఎదురుగా. ఆ సరస్సు అలలు సముద్రపు అలల్లా బారుగా రావు, ఒకదాని మీద ఒకటి వచ్చి చిన్న పడవని కొడతాయి. 1967 సెప్టెంబరు 23న అవతలి ఒడ్డున ప్లాట్ నది మొగ ప్రాంతంలో కోహోలు విరగబడి దొరుకుతున్నాయని చిన్న పడవల్లో వెళ్ళినవాళ్ళలో ఏడుగురు తుఫానులో పోయారు. వసంతంలో నీరు 45 డిగ్రీలలోపు ఉంటుంది, పడితే పది నిమిషాల్లో వేళ్ళు మాట వినవు. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి. వీహెచ్ఎఫ్ రేడియో అత్యవసర పిలుపుల ఛానల్ 16 మీద పెట్టి ఉంచు, ఫోను సిగ్నల్‌ని నమ్ముకోకు.

తినడానికి ఉంచుకునే చేపకి పడవలోనే మొప్పలు కోసి నెత్తురు పోనిచ్చి, మంచులో కాసిని సరస్సు నీళ్ళు కలిపి అందులో ముంచు. ఒట్టి మంచు ముక్కల మీద పెడితే ఒక పక్కే చల్లబడుతుంది. ఎండాకాలం లోతులోంచి వచ్చిన చేపని పైనున్న వెచ్చటి నీళ్ళలోకి వదిలితే చాలావరకు బతకదు, అందుకే కావలసినన్ని దొరకగానే గాలాలు తీసేయ్. ఇంట్లో కోసేటప్పుడు తోలు తీసి చూడు, పక్క మధ్యలో గోధుమరంగు పట్టీ, పొట్ట అంచున, వీపు మీద తెల్లటి కొవ్వు కనపడతాయి. అవన్నీ చెక్కేయ్. పీసీబీలనే విషపు రసాయనాలు ఆ కొవ్వులోనే పేరుకుంటాయి. పాదరసం కండలో ఉంటుంది కనుక కోసినా పోదు. అందుకే పెద్ద లేక్ ట్రౌట్ కన్నా చిన్న కోహో మేలు, పిల్లలకీ కడుపుతో ఉన్నవాళ్ళకీ నెలకి ఎన్నిసార్లు పెట్టొచ్చో రాష్ట్రం ఇచ్చే పట్టిక చూసే పెట్టు. ఆగస్టు చివర నదుల వైపు మళ్ళిన చినూక్ మేత మానేస్తుంది, కండ పాలిపోతుంది. అది వేటకే గానీ వంటకి అంత బాగుండదు.

ఇంటికి వచ్చిన రోజునే ప్రతి లీడరునీ గోటితో తడిమి చూడు, గరుకు తగిలిన చోట కోసి కొత్త ముడి వేసి పెట్టు. మొదటి వారం వేడి, వేగం, గాలి రాసిన కాగితం నాకు పంపు, చూసి చెబుతాను.

ఇట్లు,
మావయ్య