పాత కారు పైకప్పు గుడ్డకు రుణం తీసుకోవాలా?

ప్రశ్న: మా నాన్నగారు వాడిన 1966 నాటి కారు నా దగ్గర ఉంది. లోపలి రూఫ్ లైనింగ్ చిరిగి వేలాడుతోంది. కమ్మీలకు తొడిగి బిగించే పాత రకం అది. మార్చడానికి చెప్పిన ధర నా రెండు నెలల పొదుపుతో సమానం. అత్యవసర నిధిలోంచి తీయమంటారా, వ్యక్తిగత రుణం తీసుకోమంటారా? కారు విలువ పెరుగుతుంది కాబట్టి పెట్టుబడి అనుకోవచ్చా?

జవాబు: రెండూ వద్దు. గుడ్డ వేలాడినంత మాత్రాన కారు ఆగిపోదు. ఉద్యోగం పోయినప్పుడో, ఇంట్లో ఎవరైనా జబ్బుపడినప్పుడో ఆదుకోవలసిన డబ్బును దీనికోసం కదపకండి. వెనుక అద్దానికి అడ్డం వస్తుంటే మాత్రం ఈరోజే నాలుగు కుట్లు వేసి పైకి ఎత్తి కట్టండి, అది భద్రతకు సంబంధించిన విషయం.

అసలు మీకు చెప్పిన ధర పూర్తి ధరేనా అన్నది నా అనుమానం. ఈ రకం లైనింగ్ అంచులు చాలా కార్లలో ముందు, వెనుక అద్దాల రబ్బరు కిందికి వెళ్లి అతుక్కుని ఉంటాయి. అంటే అద్దాలు ఊడదీయాలి. నా పాత కారుకు ఈ పని చేయించినప్పుడు వెనుక అద్దం రబ్బరు చేతిలోనే ఎండు పుల్లలా విరిగింది. గుడ్డ తీశాక చూస్తే రేకు అంచున అరచేయంత మేర తుప్పు. ఆ రెండు ఖర్చులూ నా లెక్కలో లేవు. అందుకే గుడ్డ, కూలి, అద్దాలు తీసి బిగించడం, కొత్త రబ్బర్లు, ఇలా దేనికెంతో విడివిడిగా రాయించుకోండి. అద్దం పగిలితే నష్టం ఎవరిదో కూడా అందులో ఉండాలి. ఆ మొత్తానికి మరో 25 శాతం కలుపుకోండి.

అప్పుడు మీకు రెండున్నర నెలల పొదుపు కావాలి. మిగతా లక్ష్యాలు ఆగకుండా నెలనెలా పొదుపులో నాలుగో వంతు వేరే ఖాతాలో వేస్తే 10 నెలల్లో డబ్బు సిద్ధమవుతుంది. రుణమైతే పని పూర్తయ్యాక కూడా వాయిదాలు, వడ్డీ మిమ్మల్ని వెంటాడతాయి.

కూలి కొంత మీరే తగ్గించుకోవచ్చు. సీట్లు, ఎండ తెరలు, లోపలి దీపం విప్పడం ఓపిక ఉన్న ఎవరికైనా సాధ్యమే. కమ్మీలు మీరే తీస్తే ఒక్కొక్కదానికి టేపు అంటించి ముందునుంచి వరుసగా అంకె వేయండి. ప్రతి కమ్మీ వంపు వేరు, తారుమారైతే కొత్త గుడ్డ ముడతలు పడుతుంది. గుడ్డ లాగి బిగించే పని మాత్రం చేయి తిరిగినవారికే వదలండి. అక్కడ పొదుపు చేయబోతే గుడ్డ పాడై, ఖర్చు రెండింతలవుతుంది.

తర్వాతి కాలపు కార్లలో అట్టకు అతికించిన, వెనుక నురుగు (ఫోమ్) పొర ఉన్న గుడ్డ ఉంటుంది. అలాంటి కారున్న పాఠకులకు ఒక మాట: నురుగు పొడిగా రాలిపోతుంటే పైనుంచి జిగురు కొట్టడం వృథా ఖర్చు. అట్ట బయటికి తీసి, పాత నురుగంతా గీకి, కొత్త గుడ్డ వేయాలి.

ఇక పెట్టుబడి సంగతి. లైనింగ్ బాగుంటే కారు అమ్మడం తేలికవుతుంది, కానీ పెట్టిందంతా తిరిగి వస్తుందని లెక్క వేయకండి. మీ నాన్నగారు నడిపిన కారులో మీరు కూర్చోవాలనుకుంటున్నారు, ఆ కోరికకు లాభం చూపించాల్సిన అవసరం లేదు. ఇంటి ఖర్చుల పట్టికలో దానికో వరుస ఇవ్వండి, చాలు. బిల్లులు, పనికి ముందూ తర్వాతా తీసిన ఫొటోలు దాచుకోండి. విలువను ముందే ఒప్పుకుని రాసే బీమా మీకు దొరికితే, కారు స్థితిని చూపడానికి అవి పనికివస్తాయి. పాత గుడ్డ ముక్క ఒకటి కూడా ఉంచండి, రంగు, నేత కలిసే కొత్త గుడ్డ వెతకడానికి అదే ఆధారం.

ఈ వారాంతంలో పైకప్పు మీద మెల్లగా నీళ్లు పోసి, లోపల ఎవరినైనా టార్చితో కూర్చోబెట్టండి. ఎక్కడైనా తడి కనబడితే మొదటి నెల డబ్బు ఆ లీకు ఆపడానికే.