ఒకే జతతో మంచులో నడిచి, పెడళ్లూ తొక్కొచ్చా?

మంచులో జారకూడదు, వెచ్చగా ఉండాలి, పియానో దగ్గరా ఆర్గన్ దగ్గరా ఇబ్బంది పెట్టకూడదు, అన్నిటికీ కలిపి ఒకే జత బూట్లు చెప్పమని ఒకరు అడిగారు. నేనూ చలిదేశంలో ఈ రెండూ వాయించేవాణ్ణే కాబట్టి చెప్తున్నా, ఆ జత కోసం వెతక్కండి. మంచు బూటుకి ఏది సుగుణమో పెడల్ మీద అదే అవగుణం.

ముందు సోల్ సంగతి. హాఫ్ పెడల్ వేసేటప్పుడు, అంటే పియానో పెడల్‌ని సగమే నొక్కేటప్పుడు, డ్యాంపర్లు (తీగల మోత ఆపే మెత్తలు) తీగల్ని వదిలీ వదలని చోట ఆపాలి కదా, అక్కడ పాదం కదిలేది మిల్లీమీటర్లలోనే. లావుపాటి రబ్బరు సోల్ అయితే ఆ కాస్త ఒత్తిడీ ముందు అదే మింగేస్తుంది. పెడల్ ఎక్కడ పట్టుకుందో అరికాలికి తెలియదు, చెవితో విని సరిచేసుకోవాల్సి వస్తుంది. పైగా తడి రబ్బరు ఇత్తడి పెడల్ మీద కిర్రుమంటుంది. మెల్లగా సాగే పాటలో ఆ చప్పుడు చివరి వరసదాకా వినిపిస్తుంది, రికార్డింగ్ అయితే చెప్పక్కర్లేదు.

చీలమండ ఇంకా ముఖ్యం. పియానో పెడల్‌కి మడమ నేలమీదే ఆనించి, పాదం ముందు భాగంతో నొక్కుతాం. బూటు పైభాగం చీలమండని బిగించేస్తే పాదం వంగదు, కాలు మొత్తం ఎత్తి దించాలి. గంటసేపు అలా వాయిస్తే పిక్కలు, తొడలు పట్టేస్తాయి. షాపులో దీనికి చిన్న పరీక్ష ఉంది: కుర్చీలో కూర్చుని మడమ కదపకుండా మునివేళ్లు పైకెత్తి, టపటపా కొట్టి చూడండి. పిక్క దగ్గర బూటు అంచు ఒరుసుకుంటే పక్కన పెట్టేయండి. నిలబడి నాలుగడుగులు వేసి చూస్తే ఇది తెలియదు.

ఆర్గన్‌కైతే బయటి బూట్ల మాటే వద్దు. కాళ్లతో వాయించే పెడల్‌బోర్డులో ముప్ఫైకి అటూ ఇటూగా కర్ర మీటలు పక్కపక్కనే ఉంటాయి, వాటిమీద మునివేళ్లతోనూ మడమతోనూ వాయించాలి. సోల్ అంచు బయటికి పొడుచుకొస్తే ఒక స్వరానికి రెండు పలుకుతాయి. రోడ్డు మీద చల్లే ఉప్పు, ఇసుక సోల్ గాడుల్లో ఇరుక్కుని వచ్చి, మంచు కరిగాక ఆ మీటల మీదే రాలతాయి. అలా గీతలు పడిన చెక్కని బాగుచేయించడం మాటలు కాదు. సన్నటి లెదర్ లేదా స్వెడ్ (నూగున్న మెత్తటి తోలు) సోల్, మూడు సెంటీమీటర్ల మడమ, లేసులతో పాదాన్ని పట్టి ఉండే షూ కొనుక్కోండి. అదే జత పియానోకీ హాయిగా సరిపోతుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటారు గానీ, ఇక్కడ రెండు జతలే క్షేమం.

మరి చలి? సోల్ మందంగా ఉంటే వెచ్చగా ఉంటుందని లావు షూ కొంటారు చాలామంది. వాయించే షూకి ఆ పని అప్పగించొద్దు. పల్చటి ఉన్ని సాక్సులు ఒక జత చాలు. రెండు జతలు కుక్కితే షూ బిగిసి రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. దానికి బదులు చీలమండ నుంచి మోకాలిదాకా లెగ్ వార్మర్లు వేసుకుంటే పాదం స్వేచ్ఛగా ఉంటుంది, వేడీ నిలుస్తుంది. వేడి లేని చర్చిలో ఆర్గన్ ముందు కూర్చున్నప్పుడు నాకు ఎక్కువ పనికొచ్చినవి ఇవే. షూని మాత్రం రాత్రంతా కార్లో వదలకండి. గడ్డకట్టిన షూలో కాలు పెడితే మీ ఒంటి వేడంతా ముందు దాన్ని కరిగించడానికే పోతుంది.

హార్ప్ (నిలువుగా ఉండే పెద్ద తీగల వాద్యం) వాయించే స్నేహితులెవరైనా ఉంటే వాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ఏడు పెడళ్లు, ఒక్కోదానికి మూడు గాడులు, పాదాన్ని పక్కకి తోసి గాడిలో పెట్టాలి కాబట్టి వెడల్పు బూటు అసలు కుదరదు. డ్రమ్స్ వాళ్లు కాస్త అదృష్టవంతులు, పల్చటి చదును సోల్ ఉంటే చాలు.

ఒకే జతతో వెళ్లక తప్పని రోజుకి ఒక ఉపాయం: చీలమండ దాటని, పల్చటి సోల్ ఉన్న లెదర్ బూటు వేసుకుని, దానిమీద రబ్బరు తొడుగులు తొడుక్కోండి. మంచు మరీ గట్టిపడి ఉంటే మేకులున్న పట్టీలు కూడా తగిలించుకోవచ్చు. గుమ్మంలోనే ఆ తొడుగులూ పట్టీలూ విప్పేసి, ఒక ప్లాస్టిక్ సంచిలో పడేసి లోపలికి వెళ్లండి. పియానో వరకు ఇది బాగానే నడుస్తుంది, ఆర్గన్‌కి మాత్రం నేను ఒప్పుకోను. స్వెడ్ సోల్ పొరపాటున తడిస్తే హీటర్ మీద పెట్టకండి, బిరుసెక్కిపోతుంది. నీడన ఆరనిచ్చి, వైరు బ్రష్‌తో మెల్లగా రుద్దితే నూగు మళ్లీ లేస్తుంది.