బండిలో తెల్లవార్లూ ఏసీ

ప్రశ్న: పాత మినీ వ్యాన్‌లో పడకలు వేయించి, ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ పెట్టించాం. 12 వోల్టులవి, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీలు, అంటే ఇళ్లలో ఇన్వర్టర్లకి వాడే సీసం ప్లేట్లవి, రెండున్నాయి. మే నెలలో మైపాడు బీచ్ దగ్గర ఆగినప్పుడు తొమ్మిదిన్నరకి వేసిన ఏసీ ఒంటిగంటలోపే ఆగిపోయింది. ఇంకో రెండు బ్యాటరీలు వేయిస్తే తెల్లవార్లూ వస్తుందా?
– ఓ పాఠకుడు, అన్నానగర్, చెన్నై

జవాబు: రాదు. ముందు యూనిట్ల లెక్క చూడండి. ఎండకి కాగిన రేకునీ పరుపుల్నీ చల్లబరిచే మొదటి గంటలో ఈ ఏసీ దాదాపు 1000 వాట్లు లాగుతుంది. లోపల 26 డిగ్రీలకు వచ్చాక 400 వాట్ల దగ్గర తిరుగుతుంది. ఫ్యాను, లైటు, ఫోన్లు కలిపితే తొమ్మిది గంటలకు నాలుగున్నర యూనిట్లు. బ్యాటరీ కరెంటును 230 వోల్టులకు మార్చడంలో పదీ పన్నెండు శాతం పోతుంది కాబట్టి, బ్యాటరీ ఇవ్వాల్సింది అయిదు యూనిట్ల పైమాటే.

మీ రెండు బ్యాటరీల మీద రాసి ఉన్న వోల్టుల్నీ ఏహెచ్‌నీ గుణిస్తే 3.6 యూనిట్లు. అది నిదానంగా పది, ఇరవై గంటలు వాడితే వచ్చే లెక్క. మూడు గంటల్లో పిండేస్తే చేతికొచ్చేది రెండు, రెండున్నరే. ప్లేట్లు పాడవకుండా సగం మాత్రమే వాడుకోవాలంటే ఇలాంటివి ఆరు కావాలి. ఒక్కోటి యాభై కిలోల పైనే, అంటే అయిదుగురు మనుషుల్ని అదనంగా మోయడం! బండి బ్రేకులూ స్ప్రింగులూ ఒప్పుకోవు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీకి మారండి. 48 వోల్టులు, 150 ఏహెచ్ ప్యాక్‌లో ఏడున్నర యూనిట్లుంటాయి. అయిదు వాడినా అడుగంటదు. 100 ఏహెచ్ ప్యాక్ చవకగా కనిపిస్తుంది కానీ అందులో ఉన్నవి అయిదే, తెల్లారేసరికి ఖాళీ. 48 వోల్టులే ఎందుకంటే, 1000 వాట్లకి 12 వోల్టుల్లో 95 ఆంపియర్ల దాకా పారుతుంది, 48లో పాతిక లోపే. వైరు లుగ్గులు (చివర బిగించే రాగి కొసలు) వదులైతే కాలిపోయేది ఆ 95 దగ్గరే. ఫ్యూజ్‌ని బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే పెట్టించండి. బ్యాటరీ కరెంటును మార్చే ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌ది (ఇంటి కరెంటులాంటిదే ఇచ్చేది), 2 కేవీఏకి తగ్గకుండా ఉండాలి. (ఇన్వర్టర్ ఏసీ అంటే ఇంటి ఇన్వర్టర్ మీద నడిచేదని చాలామంది అనుకుంటారు. కంప్రెసర్ వేగం మార్చుకోగలగడం వల్ల వచ్చిన పేరది.)

అసలు ఖర్చు పెట్టాల్సింది మాత్రం రేకు మీద. రోహిణి కార్తెలో పైకప్పు సాయంత్రం ఏడింటికి కూడా చేత్తో ముట్టనివ్వదు. లోపలి వైపు 19 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు షీటు సందు లేకుండా అంటించాలి. సందు వదిలితే చెన్నై ఉక్కకి అక్కడే నీరు పట్టి రేకు తుప్పెక్కుతుంది. పైకప్పుకి తెల్ల రంగు, ముందు అద్దానికి వెండి షీటు, డ్రైవరు సీటు వెనక మందపాటి తెర వేయించండి. పడుకునే భాగాన్నే చల్లబరిస్తే చాలు.

మళ్లీ నింపడం ఎలా? బండి ఆల్టర్నేటర్‌కి (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) లిథియం ప్యాక్‌ని నేరుగా కలపొద్దు. వోల్టులు కలవకపోవడం ఒకటి. కలిసినా లిథియం దొరికినంతా లాగి ఆల్టర్నేటర్‌ని మాడుస్తుంది. మధ్యలో వోల్టుల్ని మార్చి, కరెంటుకి హద్దు పెట్టే డీసీ-డీసీ చార్జరు ఉండాలి. బండి 12 వోల్టుల వైపు నుంచి 30 ఆంపియర్లు తీసుకునేది ఆరు గంటలు నడిస్తే వచ్చేది రెండు యూనిట్ల చిల్లర. పైకప్పు మీద 550 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు పడితే, ఎండలో నిలిపిన రోజున మరో నాలుగు. వేపచెట్టు నీడ చూసి ఆపారా, ఆ నాలుగు మర్చిపోండి.

ప్రశ్న: బ్యాటరీల గోల లేకుండా ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బండి ఏసీతోనే పడుకుంటే?
– ఓ పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: వద్దమ్మా. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ (సీవో) అనే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు. నిద్రలో ఉన్నవారికి తెలిసే అవకాశమే లేదు. సైలెన్సరులో చిన్న చిల్లు పడినా, పొగని గాలి వెనక్కి తోసినా అది లోపలికి వస్తుంది. పెట్రోలు జనరేటరుకీ ఇదే మాట. పడుకునే ముందే వాడి ఆపేయాలి, అదీ బండికి ఏడెనిమిది మీటర్ల దూరంలో, గాలి వాటం చూసి పెట్టి. పడక ఎత్తులో బ్యాటరీతో పనిచేసే సీవో అలారం ఒకటి ఎలాగూ ఉండాలి.