నామినేషన్ వేసే ముందు ఇది చదువు పాపా

పాపా,

నువ్వు సర్పంచ్‌కి నిలబడుతున్నావని మీ నాయన ఫోన్లో చెప్పిన కాడి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు, సంతోషమూ ఉంది, గుండెల్లో దడా ఉంది. 2006లో మన ఊరికి లేడీస్ రిజర్వేషన్ వచ్చిందని నన్ను నిలబెట్టినప్పుడు నీకిష్టమేనా అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. నువ్వు నీ అంతట నువ్వే అనుకుని నిలబడుతున్నావ్, అందుకే నాకింత గర్వం.

నామినేషన్ కాగితాలు, ఇంటిపన్ను బకాయి లేకుండా చూసుకోవడం, ఖర్చు లెక్కలు రాసిపెట్టుకోవడం... ఇవన్నీ చదువుకున్నదానివి నీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

కానీ మొన్న ఒక మాటన్నావే, "పంచాయతీ చేతిలో ఏముందత్తా, అన్నీ పైనే తేలుస్తారు కదా" అని, అది మాత్రం నాకు నచ్చలేదు. పైన తేల్చింది మన పొయ్యి దాకా వస్తుంది, నిజమే. 1983లో రెండ్రూపాయలకి కిలో బియ్యం పెట్టినప్పుడు రోజూ సంగటే తినే ఇళ్లలో అన్నం కుండ ఎక్కింది, నేను చూశా. ఉపాధి హామీ మొదలైందే మన అనంతపురం జిల్లాలో, 2006 ఫిబ్రవరి 2న బండ్లపల్లిలో. ఆ పనులొచ్చాకే మన ఆడకూలీలకి మగాళ్లతో సమానంగా కూలి చేతికొచ్చింది. అయితే ఆ పని యాడ చేయాలి, చెరువు పూడిక తీయాలా, పెద్దమనిషి చేను గట్టు వేయాలా అనేది తేలేది మన గ్రామసభలోనే. ఢిల్లీ నుంచి పంచాయతీలకొచ్చే పదిహేనో ఆర్థిక సంఘం డబ్బుల్లో కూడా, 2021 నుంచి 26 దాకా, 60 శాతం తాగునీళ్లకీ పారిశుధ్యానికే పెట్టాలన్నారు. కానీ ఆ నీళ్లు ముందు ఏ వీధికెళ్లాలో ఢిల్లీ వాళ్లొచ్చి చెప్పరు కదా, అది నువ్వే చెప్పాలి.

ఇంక నేను చేసిన తప్పు చెప్తా. మీ నాయనకి కూడా పూర్తిగా తెలీదు.

2008లో కాలనీకి సీసీ రోడ్డు వచ్చింది. రోడ్డు పడితే ఊరికి అందం, మనకి పేరు, అందరూ అదే అడిగారు, నేనూ అదే కోరుకున్నా. పక్కన కాలువకి డబ్బు చాలదు, అది వచ్చే ఏడు చూద్దాంలే అన్నారు, నేనూ సరే అన్నా. పాత దారి తవ్వకుండానే పైన కంకర పరిచి దానిమీద ఆరంగుళాల కాంక్రీటు పోశారు. బిల్లు తయారైతే మీ మామ చెక్కు తెచ్చి ఇంట్లో ఇచ్చాడు, నేను పొయ్యి మీద పప్పు మాడకుండా ఒక చేత్తో గరిటె తిప్పుతూ ఇంకో చేత్తో సంతకం పెట్టా. రోడ్డు దగ్గరికి పోయి చూడలేదు పాపా. పది నిమిషాల నడక, అంతే.

ఆ ఏడు వానలకి తెలిసింది. రోడ్డు ఎత్తు లేచింది, ఇళ్ల గడపలు జానెడు కిందికి పోయాయి. రాత్రి వాన దంచి కొడితే రోడ్డు మీద నీళ్లన్నీ నేరుగా ఇళ్లలోకే. తెల్లారి నేను పోయేసరికి చివరింటి అవ్వ చెంబుతో నీళ్లు ఎత్తి పోస్తోంది, మనవడు మంచం మీద ముడుచుకుని కూర్చున్నాడు. తడిసిన స్టోరు బియ్యాన్ని చీర మీద ఆరబోసింది, ఎక్కడనుకున్నావ్, నేను వేయించిన ఆ రోడ్డు మీదే. నన్ను చూసి తిట్టలేదు. "రోడ్డు బాగుందమ్మా, ఎండ బాగా తగుల్తోంది" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తర్వాత ఆ పిల్లోడికి జ్వరాలు, ఆస్పత్రికి నూటికి మూడు వడ్డీతో అప్పు, అప్పు తీర్చడానికి వాళ్లమ్మ బెంగళూరు కూలికి పోయింది, పిల్లోడిని వెంట తీసుకుపోయింది, బడి ఆగిపోయింది. కాలువ వేయించాలని మూడేళ్లు తిరిగా, 2011లో నా పదవి అయిపోయింది గానీ కాలువ మాత్రం పడలేదు.

అందుకే చెప్తున్నా, గట్టిగానే చెప్తున్నా. కాలువ తర్వాతే రోడ్డు. తాగునీళ్ల పైపు కూడా ముందే వేసెయ్, లేకపోతే కొత్త రోడ్డుని మళ్లీ పగలగొడతారు. పోయి చూడందే దేనిమీదా సంతకం పెట్టొద్దు. అల్లుడు మంచివాడే, నాకు తెలుసు, మీ మామా మంచివాడే, అయినా సీలు నీ దగ్గరే ఉండాలి. ఇంజనీరు సారు ఏదైనా అర్థంకాని మాట చెప్తే తలూపొద్దు, నీకా మొహమాటం చిన్నప్పటి నుంచీ ఉంది, అర్థంకాలేదు సార్ మళ్లీ చెప్పండి అను. గ్రామసభ బడి దగ్గరొకటే కాదు, కాలనీలో కూడా పెట్టు, పొద్దున పెడితే కూలికి పోయేవాళ్లు రారు, వాళ్లొచ్చాక సాయంత్రం పెట్టు. వాటర్ ట్యాంకు కడిగారా లేదా నిచ్చెనెక్కి నువ్వే చూడు... అయ్యో వద్దులే, నీకు కళ్లు తిరుగుతాయి, నమ్మకమైన వాళ్లని ఎక్కించి ఫోటో తీయించు.

ఇంత తిట్టానని ఏడవకు. నువ్వు నాకంటే బాగా చేస్తావ్, అందుకే ఇంత రాశా. వేళకి తిను, ప్రచారం అని ఎండలో తిరిగి సొమ్మసిల్లొద్దు.

బుధవారం బస్సుకి వస్తున్నా. మేస్త్రీలు పట్టుకునే నీళ్ల లెవెల్ పైపు ఒకటి కొని పెట్టుకున్నా, అదీ తెస్తా, ఇద్దరం కాలనీలో గడప గడపకీ పెట్టి చూద్దాం, నోటుబుక్కు ఒకటి దగ్గర పెట్టుకో.

మీ అత్త