మా ఆయన “రెండే నిమిషాలు” అంటే పావుగంట ఎందుకవుతుంది?

అమ్మా, టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి మీరు రాసింది రెండుసార్లు చదివాను. సెప్టెంబరు వచ్చిందంటే ఆదివారం మధ్యాహ్నం 12 నుంచి మీ ఆయనా, పదకొండేళ్ల బాబూ అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తూ టీవీకి అతుక్కుపోతారని, అది అయ్యాక మూడున్నర ప్రాంతంలో ఇంకో మ్యాచ్, రాత్రి ఏడు దాటాక మరొకటి అని, వడ్డించిన అన్నం చల్లారిపోతుందని, “రెండే నిమిషాలు, వచ్చేస్తున్నా” అంటూ పావుగంట గడిపేస్తారని, ఇదంతా చూస్తుంటే ఈ ఇంట్లో నేనెవరిని అనిపిస్తోందని రాశారు. ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాను.

ముందు ఆ రెండు నిమిషాల సంగతి చెప్తాను, ఎందుకంటే దాన్ని మీరు అబద్ధాల లెక్కలో వేసుకున్నారు. ఆయన గడియారం చూసే చెప్తున్నారు, కాకపోతే అది ఆట గడియారం. పదిహేను నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, అంటే గంట ఆట, టీవీలో మూడు గంటలు పడుతుంది. విసిరిన బంతి ఎవరికీ అందక కిందపడితే గడియారం ఆగుతుంది, టైమవుట్ అడిగితే ఆగుతుంది, చివరి రెండు నిమిషాలు మిగిలినప్పుడు దానంతటదే ఒకసారి ఆగుతుంది. ఓడిపోతున్న జట్టుకి ఆశంతా ఆ ఆగడంలోనే ఉంటుంది, అందుకే ఆయన అప్పుడు కదలలేరు. హాఫ్‌టైమ్‌లో పన్నెండు పదమూడు నిమిషాలు విరామం ఉంటుంది, 12 గంటల మ్యాచ్‌కి అది దాదాపు ఒంటిగంటన్నరకి వస్తుంది. అన్నం అప్పుడు పెట్టండి, లేదా మ్యాచ్‌కి ముందే తినేయమనండి.

మీకది గుద్దులాటలా కనిపిస్తుందన్నారు. నాకూ మొదట్లో అంతే. డాలస్‌లో మా అక్కవాళ్లింటికి వెళ్లినప్పుడు ఆమె కొడుకు నా పక్కన కూర్చుని, “పిన్నీ, బంతిని చూడకు, ఆట మొదలయ్యే ముందు ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూడు” అన్నాడు. అప్పుడు అర్థమైంది. ఒక్కో ఎత్తు ఐదారు సెకన్లలో అయిపోతుంది, తర్వాతి దానికి నలభై సెకన్ల వరకూ టైముంటుంది, ఆ మధ్యలోనే చూసేవాళ్లంతా బంతి అందుకున్నవాడు పరిగెడతాడా, విసురుతాడా అని వాదించుకుంటారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది. మన కబడ్డీలో కూతకెళ్లినవాడు గీత దాటి వెనక్కొచ్చేదాకా ఊపిరి బిగబడతామే, అదే బిగువు ఇక్కడ మళ్లీ మళ్లీ వస్తుంది.

ఆ నలభై సెకన్లు మాట్లాడుకోడానికి బోలెడంత సమయమమ్మా. ఒక్క ఆదివారం గిన్నెలు పక్కనపెట్టి బాబు పక్కన కూర్చోండి. తెరమీద కనిపించే పసుపు గీత ఏమిట్రా అని వాణ్నే అడగండి. అది మైదానంలో ఉండదు, ఎక్కడిదాకా వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయో మనకి తెలియడానికి టీవీవాళ్లు గీస్తారు, 1998 నుంచీ ఉంది. అమ్మకి తెలియనిది తనకి తెలుసన్న సంతోషంతో వాడు ఎంతసేపు చెప్తాడో చూడండి.

అయితే సర్దుకోవాల్సింది మీరొక్కరే అనడం లేదు. ఒకే రోజు మూడు మ్యాచులు చాలా ఎక్కువ, ఈ మాట ఆయనకి చెప్పాలి. ఆదివారం టీవీ ముందు నిలబడి కాదు, మంగళవారం బాబు పడుకున్నాక. “ఎప్పుడూ ఆ టీవీయేనా” అంటే ఆయన ఆటని వెనకేసుకొస్తారు, అసలు విషయం పక్కకి పోతుంది. “ఆదివారాలు నాకు ఒంటరిగా ఉంటోంది” అనండి, నాకు రాసినట్టే. సీజన్‌లో ఒక్కో జట్టుకి 17 మ్యాచులే, తేదీలు మేలోనే వచ్చేస్తాయి. ఇద్దరూ క్యాలెండర్ పెట్టుకుని కూర్చోండి. డాలస్ జట్టు కౌబాయ్స్ ఆట ఆయనా బాబూ చూసుకోవాలి, మిగతా సమయం ముగ్గురిదీ కావాలి, ఆ జట్టుకి మ్యాచ్ లేని వారం పూర్తిగా మీరు చెప్పినట్టు జరగాలి. ఫోన్లో డబ్బులు పెట్టి ఆడుతున్నట్టు కనిపిస్తే మాత్రం అది వేరే సమస్య, వెంటనే మళ్లీ రాయండి.

థ్యాంక్స్‌గివింగ్ పండుగ రోజు, గురువారం, కౌబాయ్స్ మ్యాచ్ మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో ఉంటుంది. దాని జోలికి మాత్రం వెళ్లకండి, ఆ రోజు భోజనాలు ఒంటిగంటకే పెట్టేయండి.