కాల్పుల్లో బిగుసుకుపోతే...

ప్రశ్న: మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు. త్వరలో కశ్మీర్ సరిహద్దుకు వెళ్తున్నాడు. కాల్పులు మొదలైతే భయంతో కదల్లేకపోతానేమోనని దిగులుపడుతున్నాడు. ముందే తీసుకునే తర్ఫీదు ఏమైనా ఉందా?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఉందండీ. బిగుసుకుపోవడం పిరికితనం కాదని ముందు మీ తమ్ముడికి చెప్పండి. ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో ఆలోచన మందగించి, కాళ్లూ చేతులూ మాట వినకపోవడం ఎవరికైనా జరగొచ్చు. ఆ సంగతి తెలిసినవాడు ‘నాకేదో అయిపోయింది’ అని రెండోసారి హడలిపోడు.

ఇజ్రాయెల్ సైన్యంలో పుట్టిన ఒక పద్ధతిని ఆధారం చేసుకుని అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థ ‘ఐకవర్’ అనే శిక్షణ రూపొందించింది. డాక్టర్ వచ్చేదాకా ఆగకుండా, పక్కనున్న జవానే నిమిషంలోపు చేసే పని ఇది. స్తంభించినవాణ్ని గుర్తించగానే కళ్లలోకి చూసి, పేరు పెట్టి పిలిచి, భుజం పట్టుకోవాలి. ‘నీ పక్కనే ఉన్నాను’ అనాలి. ఆ వెంటనే రెండు మూడు తేలిక ప్రశ్నలు: ‘నీ సెక్షన్ (దళం) ఏది? తూటాల మ్యాగజైన్లు ఎన్ని మిగిలాయి?’ తర్వాత జరిగిందీ జరగబోయేదీ వరసగా చెప్పాలి: ‘కాల్పులు జరిగాయి, ఇప్పుడు గోడ చాటున ఉన్నాం, ఇక కుడివైపు కదులుతాం.’ చివర్లో కచ్చితమైన పని ఒకటి అప్పగించాలి: ‘ఆ కిటికీ మీద కన్నేసి ఉంచు.’

తప్పు జరిగేది ప్రశ్నల దగ్గరే. ‘భయమేస్తోందా?’ అని అడిగినా, జాలిపడి ఓదార్చినా ఆ మనిషి ఇంకా కుంగిపోతాడు. లెక్కపెట్టించే ప్రశ్న మెదడుకు పని చెబుతుంది.

విన్నంత మాత్రాన ఇది రాదు. మన సైన్యంలో ఇద్దరేసి జవాన్లు ఒకరికొకరు తోడుగా ఉండే బడ్డీ జోడీలు ఎలాగూ ఉన్నాయి కనుక, ఆ బడ్డీతోనే మొదట తీరిగ్గా, తర్వాత పరుగెత్తి ఆయాసపడుతూ, ఆపైన శిక్షణలో పేలుళ్ల మోత మధ్య సాధన చేయాలి. నేర్పు కుదరకముందే మోతలోకి దించితే భయమే అలవాటవుతుంది. కంగారు తగ్గించే ఊపిరి కసరత్తునూ ఇలాగే అంచెలంచెలుగా సాధన చేయాలి: నాలుగు లెక్కపెడుతూ పీల్చి, నాలుగు ఆపి, నాలుగు వదిలి, మళ్లీ నాలుగు ఆగాలి.

ప్రశ్న: గుండె నిబ్బరం లేనివాళ్లను చేర్చుకునేటప్పుడే ఏరేస్తే సరిపోదా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా అదే చేసిందమ్మా. మానసిక కారణాలతో లక్షలమందిని వెనక్కి పంపింది. అయినా యుద్ధరంగంలో కుప్పకూలేవాళ్లు తగ్గలేదు. 200 నుంచి 240 పోరాట దినాలు గడిచేసరికి సగటు సైనికుడి శక్తి హరించుకుపోతుందని 1946లో అపెల్, బీబీ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. అందుకే ఏరివేత కంటే వంతులవారీ విశ్రాంతికీ నిద్రకూ ప్రణాళిక వేయడం, కలిసి తర్ఫీదైనవాళ్లను కలిపే పంపడం మేలు.